జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి క్షేత్రసేకరణల నిల్వ - డిస్కుల గుర్తింపు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జానపద, గిరిజన సాహిత్య పరిశోధకులు క్షేత్రపర్యటనల్లో సేకరించిన ధ్వని, దృశ్య రికార్డింగులు నేడు చాలావరకు హార్డ్‌డిస్కుల్లో ఉంటున్నాయి. ఒక డిస్కును ఆపరేటింగ్ సిస్టమ్ ఏ పేరుతో గుర్తిస్తుందో తెలియకపోతే ఆ సేకరణ ఒక్క ఆదేశంతో చెరిగిపోయే ప్రమాదముంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కుకు వరుసను బట్టి ఒక పేరు, చోటును బట్టి ఒక పేరు, సొంత గుర్తింపును బట్టి ఒక పేరు ఇస్తుంది. డిస్కులను పెట్టుకునే పెట్టెను కూడా వేరే పరికరంగా లెక్కిస్తుంది. ఈ పద్ధతిని వివరించి, పూర్వ వరంగల్ జిల్లా విభజన నేపథ్యంలో క్షేత్రసేకరణల పట్టికలకు దానిని అన్వయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, నిల్వ పరికరం, ఎన్‌క్లోజర్, స్లాట్, క్షేత్రసేకరణ, మౌఖిక సాహిత్యం, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.

1. ఉపోద్ఘాతం:
మౌఖిక సాహిత్యాన్ని సేకరించే పరిశోధకులకు ఒకప్పుడు టేపు క్యాసెట్టే ఆధారం. క్యాసెట్టు మీద అంటించిన చీటీలో ఊరు, కథ, కళాకారుని పేరు, తేదీ ఉండేవి. వస్తువూ దాని పేరూ ఒకే చోట ఉండేవి కాబట్టి ఒకదానికి బదులు మరొకటి చెరిపివేసే అవకాశం తక్కువ. ఇప్పుడు వందల గంటల రికార్డింగులు ఒక్క డిస్కులో ఇముడుతున్నాయి. డిస్కు మీద చీటీ అంటించినా, చెరిపివేసే ఆదేశం ఆ చీటీని చూడదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ డిస్కుకు పెట్టుకున్న పేరును మాత్రమే చూస్తుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు మౌఖిక సంపద దండిగా ఉన్న ప్రాంతాలు. జనగామ ప్రాంతం ఒగ్గుకథకు ప్రసిద్ధి. మహబూబాబాద్ జిల్లా తండాల్లో లంబాడీ పాటలు, కొత్తగూడ, గంగారం మండలాల కోయ గూడేల్లో కొలుపు పాటలు వినవస్తాయి. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల ప్రాంతం. గోదావరి తీరాన ఉన్న కాళేశ్వరం ఆ జిల్లాలోనిదే. ఒగ్గుకథా గానంలో పేరెన్నికగన్న చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యపురం. 2017లో ఆయన మరణించారు. అటువంటి కళాకారుల గొంతు రికార్డయిన ఫైలు పోతే, దానిని తిరిగి సేకరించడం ఎవరికీ సాధ్యం కాదు. అందువల్ల డిస్కుల గుర్తింపు సాంకేతిక నిపుణులకే పరిమితమైన విషయమని సాహిత్య పరిశోధకులు పక్కన పెట్టడానికి వీల్లేదు.

2. పరికరం ఫైలుగా కనబడడం:
యూనిక్స్ సంప్రదాయంలో రూపొందిన ఆపరేటింగ్ సిస్టములు పరికరాలను ఫైళ్ళ రూపంలో చూపిస్తాయి. లినక్స్‌లో 'డెవ్' అనే డైరెక్టరీలో డిస్కుకొక ప్రత్యేక ఫైలు ఉంటుంది. అందులో సమాచారమేదీ ఉండదు. అది డిస్కు వద్దకు దారితీసే తలుపు వంటిది. ఆ తలుపు వెనుక రెండు సంఖ్యలుంటాయి. మొదటిది ఏ డ్రైవరు ఆ పరికరాన్ని నడుపుతుందో చెబుతుంది. రెండోది ఆ డ్రైవరు కింద ఉన్న వాటిలో ఇది ఏదో చెబుతుంది. స్కజీ పద్ధతిలో కనిపించే డిస్కులకు మొదటి సంఖ్య 8. మొదటి డిస్కుకు రెండో సంఖ్య 0, రెండో డిస్కుకు 16. మధ్యనున్న 1 నుంచి 15 వరకు సంఖ్యలు మొదటి డిస్కులోని విభాగాలకు చెందుతాయి.

నేటి సాటా, సాస్, యుఎస్‌బి డిస్కులన్నీ లినక్స్‌లో ఈ స్కజీ పొర కిందికే వస్తాయి. తయారీలో ఎంత తేడా ఉన్నా కెర్నల్ వాటిని ఒకే కుటుంబంగా చూస్తుంది. ఎన్‌విఎంఇ పరికరాలకు మాత్రం వేరే డ్రైవరు, వేరే పేర్ల వరుస ఉన్నాయి.

3. వరుస పేరు:
స్కజీ డిస్కుల పేర్లు 'ఎస్‌డి' అన్న అక్షరాలతో మొదలవుతాయి. మొదట కనబడిన డిస్కు ఎస్‌డిఎ, రెండోది ఎస్‌డిబి, మూడోది ఎస్‌డిసి. ఇరవై ఆరు అక్షరాలూ అయిపోతే ఎస్‌డిఎఎ నుంచి వరుస కొనసాగుతుంది. ఈ పేరు డిస్కు గుణాన్ని గానీ, అది ఉన్న చోటును గానీ చెప్పదు. కెర్నల్‌కు అది ఎన్నోదిగా కనబడిందో మాత్రమే చెబుతుంది.

కెర్నల్ డిస్కులను సమాంతరంగా వెతుకుతుంది. ఏ డిస్కు ముందుగా సిద్ధమైతే దానికి ముందు పేరు దక్కవచ్చు. అందువల్ల నిన్న ఎస్‌డిబిగా ఉన్న డిస్కు నేడు కంప్యూటరును తిరిగి ప్రారంభించాక ఎస్‌డిసి కావచ్చు. సంతలో ముందు వచ్చినవారికి ముందు చీటీ ఇచ్చినట్లుంటుంది ఈ పద్ధతి. చీటీ మీది అంకె ఆ పూటకే చెల్లుతుంది; మరుసటి వారం అదే అంకెతో మరొకరుంటారు.

విండోస్‌లోనూ ఇటువంటి స్థితి ఉంది. బయటి హార్డ్‌డిస్కును ఒక కంప్యూటరుకు తగిలిస్తే 'ఇ' డ్రైవుగా, మరో కంప్యూటరులో 'ఎఫ్' డ్రైవుగా కనబడవచ్చు. ఒక కంప్యూటరు తాను ఇచ్చిన అక్షరాన్ని గుర్తుంచుకుంటుంది కానీ ఆ గుర్తు ఆ కంప్యూటరుకే పరిమితం. పరిశోధనాగ్రంథపు అనుబంధంలో "ఇ డ్రైవు, ఒగ్గుకథలు, మూడో ఫైలు" అని రాసుకుంటే, ఆ కంప్యూటరు మారిన నాడు ఆ సూచన నిరర్థకమవుతుంది.

వరుస పేరు వల్ల కలిగే అసలు ప్రమాదం చెరిపివేతలో ఉంది. డిస్కు నుంచి డిస్కుకు యథాతథంగా ప్రతి తీసే 'డిడి' వంటి ఆదేశం గమ్యస్థానంలో ఏముందో అడగదు. ఎస్‌డిబి మీద రాయమంటే ఆ క్షణాన ఎస్‌డిబి అన్న పేరు ఏ డిస్కుకు ఉంటే దానిమీద రాస్తుంది. ఖాళీ డిస్కనుకున్నది పదేళ్ళ సేకరణ ఉన్న డిస్కయినా దానికి తేడా తెలియదు.

4. చోటు పేరు:
రెండో రకం పేరు డిస్కు ఎక్కడ తగిలించి ఉందో చెబుతుంది. స్కజీ పొరలో ప్రతి పరికరానికీ నాలుగు అంకెల చిరునామా ఉంటుంది. హోస్టు, ఛానెల్, టార్గెట్, లన్ అన్నవి ఆ నాలుగు భాగాలు. 0:0:3:0 అంటే సున్నా సంఖ్య గల హోస్టు కింద, సున్నా ఛానెల్‌లో, మూడో టార్గెట్ వద్ద ఉన్న సున్నా యూనిట్ అని అర్థం. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం అన్న క్రమంలో చిరునామా రాయడం వంటిదే ఇది. అయితే ఇందులోనూ హోస్టు, టార్గెట్ సంఖ్యలను కెర్నలే కేటాయిస్తుంది కాబట్టి అవి పూర్తిగా స్థిరమైనవి కావు.

అంతకంటే స్థిరమైన చోటు పేరును 'యుడెవ్' అనే ప్రోగ్రాము కల్పిస్తుంది. అది 'డెవ్' డైరెక్టరీలో 'డిస్క్' అనే ఉపడైరెక్టరీని ఏర్పరచి, అందులో 'బై-పాత్' అన్న విభాగం కింద లింకులు పెడుతుంది. కంప్యూటరు లోపలి పిసిఐ మార్గం, పోర్టు సంఖ్య ఆ పేరులో ఉంటాయి. ఒక పోర్టుకు ఏ డిస్కు తగిలించినా ఆ పోర్టు పేరు మారదు. అంటే చోటు స్థిరం, అక్కడి డిస్కు అస్థిరం.

సోలారిస్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి నుంచీ చోటు పేరుకే ప్రాధాన్యమిచ్చింది. సి1టి3డి0 అంటే ఒకటో కంట్రోలరు, మూడో టార్గెట్, సున్నా డిస్కు. తరువాతి కాలంలో ఒకే డిస్కును రెండు మార్గాల ద్వారా చేరుకునే ఏర్పాటు వచ్చినపుడు, అదే సోలారిస్ టార్గెట్ అంకె స్థానంలో డిస్కు సొంత గుర్తింపు సంఖ్యను ఉంచడం మొదలుపెట్టింది. రెండు దారులున్న ఇంటికి దారి పేరుతో చిరునామా రాస్తే అది రెండిళ్ళుగా కనబడుతుంది. లినక్స్‌లో కూడా రెండు తీగలతో కలిసిన ఒకే డిస్కు ఎస్‌డిబిగా, ఎస్‌డికెగా రెండుసార్లు కనబడుతుంది. 'మల్టీపాత్' అనే ఏర్పాటు సొంత గుర్తింపును పోల్చి, ఆ రెంటినీ ఒకే పరికరంగా కలుపుతుంది.

5. సొంత పేరు:
మూడో రకం పేరు డిస్కుతో పాటే ప్రయాణిస్తుంది. తయారీ సంస్థ ప్రతి డిస్కుకూ క్రమసంఖ్య ఇస్తుంది. దానితో పాటు ప్రపంచంలో మరే డిస్కుకూ ఉండరాని 64 బిట్ల సంఖ్య ఒకటి ఉంటుంది. దీనిని డబ్ల్యుడబ్ల్యుఎన్ అంటారు. సాధారణంగా అది 5 అనే అంకెతో మొదలవుతుంది. తరువాతి 24 బిట్లు ఐఈఈఈ సంస్థ ఆయా తయారీదారుకు కేటాయించిన సంకేతం. మిగిలిన 36 బిట్లు తయారీదారు ఇచ్చుకునేవి. ఈ పేర్లతో 'బై-ఐడి' విభాగంలో లింకులు ఏర్పడతాయి.

బమ్మెర ఊరు పేరు, పోతనకు ఇంటిపేరు. పాలకుర్తి ఊరు పేరు. ఆ ఊరే సోమనాథుని పేరు ముందు పాల్కురికిగా నిలిచింది. ఈ రెండు ఊళ్ళూ నేటి జనగామ జిల్లాలోనివే. ఊరు వదిలి వెళ్ళినా ఇంటిపేరు మనిషి వెంట ఉన్నట్లు, పోర్టు మారినా డబ్ల్యుడబ్ల్యుఎన్ డిస్కు వెంట ఉంటుంది.

డిస్కు సొంత పేరుకూ, డిస్కులో ఉన్న ఫైల్‌సిస్టమ్ సొంత పేరుకూ తేడా ఉందన్నది గమనార్హం. ఫైల్‌సిస్టమ్‌ను ఏర్పరచినపుడు దానికి 128 బిట్ల యుయుఐడి అనే సంఖ్య కేటాయింపబడుతుంది. అది 'బై-యుయుఐడి' విభాగంలో కనబడుతుంది. డిస్కుకు యథాతథంగా మరో ప్రతి తీస్తే ఆ సంఖ్య కూడా ప్రతిలోకి వస్తుంది. అప్పుడు డిస్కులు రెండు, యుయుఐడి ఒకటే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ ఈ స్థితిలో రెండో దానిని మామూలు పద్ధతిలో తెరవడానికి నిరాకరిస్తుంది. పాత్రను గుర్తించడానికి డబ్ల్యుడబ్ల్యుఎన్, పాత్రలోని పదార్థాన్ని గుర్తించడానికి యుయుఐడి ఉపకరిస్తాయని చెప్పవచ్చు.

6. డిస్కుల పెట్టె కూడా ఒక పరికరమే:
విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, పరిశోధన కేంద్రాలు పెద్ద సేకరణలను పన్నెండు, ఇరవై నాలుగు డిస్కులు పట్టే పెట్టెల్లో ఉంచుతాయి. దీనిని ఎన్‌క్లోజర్ అంటారు. అందులోని ఒక్కో అర పేరు స్లాట్. ఇటువంటి పెట్టెలో డిస్కులతో పాటు ఒక చిన్న పర్యవేక్షక ప్రాసెసరు ఉంటుంది. స్కజీ ఎన్‌క్లోజర్ సర్వీసెస్, అంటే ఎస్‌ఇఎస్ అనే ప్రమాణం ప్రకారం అది కంప్యూటరుతో మాట్లాడుతుంది. కంప్యూటరుకు ఆ పెట్టె కూడా ఒక స్కజీ పరికరంగానే కనబడుతుంది. స్కజీ పరికరాల జాబితాలో డిస్కు రకం సంఖ్య 0, టేపుది 1, ఎన్‌క్లోజరుది 13.

పెట్టెలో ఎన్ని అరలున్నాయి, ఏ అరలో డిస్కు ఉంది, ఏది ఖాళీ, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, విద్యుత్ సరఫరా ఎలా ఉంది, ఉష్ణోగ్రత ఎంత అన్న వివరాలు ఆ ప్రాసెసరు వద్ద ఉంటాయి. లినక్స్ కెర్నల్ 'సిస్' డైరెక్టరీలో 'క్లాస్', దాని కింద 'ఎన్‌క్లోజర్' అనే చోట పెట్టెకొక డైరెక్టరీని, దానిలో అరకొక ఉపడైరెక్టరీని చూపిస్తుంది. ఫ్యాన్లు, ఉష్ణోగ్రత వివరాలు అక్కడ కనబడవు. వాటికోసం 'ఎస్‌జి-ఎస్‌ఇఎస్' అనే ఉపకరణంతో పెట్టెను నేరుగా అడగాలి.

ఒక్కో అర డైరెక్టరీలో కొన్ని చిన్న ఫైళ్ళుంటాయి. 'స్టేటస్' అన్నది ఆ అర స్థితిని చెబుతుంది. 'ఫాల్ట్' అన్నది లోపసూచిక దీపానికి సంబంధించినది. 'లొకేట్' అన్న ఫైలులో 1 అని రాస్తే, దీపాలున్న పెట్టెల్లో ఆ అర దగ్గరి దీపం వెలుగుతుంది. 'డివైస్' అన్న లింకు ఆ అరలోని డిస్కు వద్దకు తీసుకుపోతుంది. ఖాళీ అరకు ఆ లింకు ఉండదు కానీ అర డైరెక్టరీ మాత్రం ఉంటుంది. ఉన్న డిస్కులనే కాక, డిస్కు ఉండవలసిన చోటును కూడా ఆపరేటింగ్ సిస్టమ్ లెక్కలోకి తీసుకుంటుందన్నమాట.

అరనూ డిస్కునూ కెర్నల్ ఎలా జతచేస్తుందన్నది ఇక్కడి కీలకాంశం. డిస్కుకు తానున్న అర సంఖ్య తెలియదు. పెట్టెకు డిస్కు ఎస్‌డిబియో ఎస్‌డిసియో తెలియదు. పెట్టె తన నివేదికలో ఫలానా అరలోని డిస్కు సాస్ చిరునామా ఇదీ అని చెబుతుంది. డిస్కు తన సాస్ చిరునామాను తాను చెబుతుంది. కెర్నల్ ఈ రెండింటినీ పోల్చి లింకు వేస్తుంది. సొంత పేరు మధ్యవర్తిగా ఉండడం వల్లనే వరుస పేరుకూ చోటు పేరుకూ సంబంధం కుదురుతోంది.

ఈ సంబంధం ఎంత అవసరమో ఒక సాధారణ సందర్భం స్పష్టం చేస్తుంది. రెయిడ్-5 పద్ధతిలో కలిపిన డిస్కుల్లో ఒకటి చెడిపోయినా సమాచారం నిలుస్తుంది. రెండోది కూడా పోతే నిలవదు. ఎస్‌డిఇ చెడిపోయిందని సందేశం వచ్చిందనుకుందాం. అక్షరక్రమంలో ఐదోది కాబట్టి ఐదో అరలోని డిస్కును లాగివేస్తే, అది మంచి డిస్కు కావచ్చు. అప్పటికే ఒకటి పోయి ఉంది కాబట్టి ఆ క్షణాన మొత్తం సముదాయం ఆగిపోతుంది. చెడిన డిస్కు క్రమసంఖ్యను చూసి, దాని అరను కనుగొని, 'లొకేట్' దీపాన్ని వెలిగించి, డిస్కు మీది చీటీలోని సంఖ్యతో పోల్చిన తరువాతనే దానిని బయటకు తీయాలి. రెయిడ్ సముదాయం మాత్రం ఈ గందరగోళంలో పడదు. సముదాయపు గుర్తింపు సంఖ్య, అందులో తన స్థానం ప్రతి డిస్కులోనూ రాసి ఉంటాయి కాబట్టి అరలు తారుమారైనా అది తిరిగి కూడగలదు.

7. యుఎస్‌బి పెట్టె పరిమితులు:
వ్యక్తిగత పరిశోధకుల వద్ద ఉండేది చిన్న యుఎస్‌బి పెట్టె. ఇందులో సాధారణంగా ఎస్‌ఇఎస్ ప్రాసెసరు ఉండదు. యుఎస్‌బి నుంచి సాటాకు మార్చే వంతెన చిప్ ఉంటుంది. కంప్యూటరు నేరుగా డిస్కుతో కాక ఆ చిప్‌తో మాట్లాడుతుంది. చిప్ డిస్కు క్రమసంఖ్యను దాచి తన సంఖ్యను చెప్పవచ్చు. చవకరకం పెట్టెలు రెండు ఒకే సంఖ్య చెప్పడమూ ఉంది. అప్పుడు 'బై-ఐడి' విభాగంలో రెండింటికీ కలిపి ఒక్క లింకే మిగులుతుంది.

మరో చిక్కు సెక్టారు పరిమాణానికి సంబంధించినది. కొన్ని వంతెన చిప్‌లు 512 బైట్ల సెక్టార్లున్న పెద్ద డిస్కును 4096 బైట్ల సెక్టార్లున్నట్లు చూపుతాయి. పెట్టె పాడై, లోపలి డిస్కును తీసి కంప్యూటరుకు నేరుగా తగిలిస్తే లెక్క మారుతుంది. డిస్కులోని విభాగాల పట్టిక అర్థంకాక డిస్కు ఖాళీగా ఉన్నట్లు కనబడుతుంది. 'ఫార్మాట్ చేయమంటారా' అన్న ప్రశ్నకు ఇక్కడ అవునని చెప్పరాదు. అదే రకం పెట్టెలో పెట్టి చూస్తే సేకరణ యథాతథంగా దొరికే అవకాశముంది. పెట్టె చెడడం వేరు, డిస్కు చెడడం వేరు.

8. క్షేత్రసేకరణల పట్టికకు అన్వయం:
చోటు పేరునే సొంత పేరుగా వాడితే వచ్చే ఇబ్బంది డిస్కులకే పరిమితం కాదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. పూర్వ వరంగల్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. నకాషీ పటచిత్రాలకు ప్రసిద్ధమైన చేర్యాల సిద్దిపేట జిల్లాలో చేరింది. ఖమ్మం జిల్లాలోని బయ్యారం మహబూబాబాద్‌కు, కరీంనగర్ జిల్లాలోని కాళేశ్వరం భూపాలపల్లికి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేరు మార్చుకున్నాయి.

దీనివల్ల 'వరంగల్ జిల్లా' అన్న మాటకు 2016కు ముందు ఒక అర్థం, 2021 తరువాత మరొక అర్థం ఏర్పడ్డాయి. ఎస్‌డిబి అన్న పేరు నిన్నొక డిస్కుకు, నేడొక డిస్కుకు చెందడం వంటిదే ఇదీ. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఇందుకు చక్కని నిదర్శనం. 2016 ఫిబ్రవరి జాతర వరంగల్ జిల్లాలో, 2018 జాతర జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, 2020 ఫిబ్రవరి జాతర ములుగు జిల్లాలో జరిగాయి. గద్దెలు కదలలేదు, జిల్లా పేరు రెండుసార్లు మారింది. ఈ మూడు జాతరల్లో పాటలు సేకరించిన వారు జిల్లాల వారీగా ఫోల్డర్లు పెట్టుకుంటే, ఒకే గద్దె దగ్గరి మూడు రికార్డింగులు మూడు చోట్లకు చెదిరిపోతాయి. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనాన్ని పాత పుస్తకాల్లో ఖమ్మం జిల్లా కింద, నేటి పట్టికల్లో మహబూబాబాద్ కింద వెతకవలసి రావడం కూడా ఇటువంటిదే.

ఆపరేటింగ్ సిస్టమ్ ఈ సమస్యను పరిష్కరించిన తీరు పట్టికల తయారీకి మార్గదర్శకం కాగలదు. అది ఏ ఒక్క పేరునూ రద్దు చేయలేదు. మూడింటినీ వేర్వేరుగా ఉంచి, లింకులతో కలిపింది. రికార్డింగుకు కూడా చోటుతో, వరుసతో సంబంధం లేని ఒక స్థిరసంఖ్య ఇవ్వాలి. ఊరు, సేకరించిన నాటి జిల్లా, నేటి జిల్లా వేర్వేరు గడుల్లో రాయాలి. ఊరిని నిర్ధారించడానికి అక్షాంశ రేఖాంశాలను, పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని గ్రామ సంకేతాన్ని చేర్చవచ్చు. ఫైలులోని ఒక్క బిట్టు మారినా మారిపోయే షా-256 వంటి సరిచూపు సంఖ్యను నమోదు చేస్తే, ప్రతి ఏ డిస్కులో ఉన్నా అది మూలంతో సమానమో కాదో తేల్చవచ్చు.

9. ముగింపు:
* ఎస్‌డిఎ, ఎస్‌డిబి వంటి వరుస పేర్లు తాత్కాలికమైనవి. చెరిపివేసే, ప్రతి తీసే ఆదేశాల్లో వాటిని నమ్ముకోరాదు. 'బై-ఐడి' పేరును వాడి, క్రమసంఖ్యను డిస్కు మీది చీటీతో పోల్చిన తరువాతనే ఆదేశం ఇవ్వాలి.
* చోటు పేరు డిస్కును పట్టుకోవడానికి, సొంత పేరు అది అదే డిస్కని నిర్ధారించడానికి పనికివస్తాయి. ఒకదాని పని మరొకటి చేయలేదు.
* ఎస్‌ఇఎస్ ఉన్న పెట్టెలో అర, డిస్కుల సంబంధాన్ని ఆపరేటింగ్ సిస్టమే చూపుతుంది. అది లేని పెట్టెల్లో ఆ సంబంధాన్ని మనుషులే చీటీల మీద, పట్టికలో రాసి ఉంచాలి.
* యుఎస్‌బి పెట్టె విఫలమైతే డిస్కు విఫలమైనట్లు భావించి ఫార్మాట్ చేయరాదు.
* జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సేకరణల్లో 2016కు ముందూ తరువాతా ఉన్న జిల్లా పేర్లను రెండింటినీ నమోదు చేయాలి. స్థిరసంఖ్యను వాటితో ముడిపెట్టరాదు.
* ఒకే పెట్టెలోని అన్ని డిస్కులూ ఒకేసారి దెబ్బతినే అవకాశముంది కాబట్టి, ఎంత జాగ్రత్తగా పేర్లు పెట్టినా, కనీసం ఒక ప్రతిని వేరే ఊళ్ళో భద్రపరచడం అవసరం.